కుడిచేతి గడియారం

మా చాచా పోయారు. హనుమకొండలో మా స్టీలు సామాన్ల దుకాణం పక్కనే ముప్పై ఏళ్లకు పైగా సైకిళ్లు బాగుచేసిన మనిషి. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ములుగు రోడ్డు మీద, ఆత్మకూరు దాటాక, సైకిలు మీది నుంచి పడిపోయారు. పాల వ్యాను నడిపే అతనెవరో చూసి, చాచా ఫోనులో చివర మాట్లాడిన నంబరు నాదే ఉందని నాకు ఫోను చేశాడు. "ఇక్కడ ఒక పెద్దమనిషి పడి ఉన్నడు మేడం, మీవోళ్లేనా?" అని అడిగాడు. మావాళ్లే అన్నాను.

దవాఖానకు చేర్చేసరికి అంతా అయిపోయింది. గుండె అన్నారు డాక్టరు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లం అని కూడా అన్నారు. ఆయన రోజూ పదిమందితో అనే మాటే కావచ్చు. నాకు మాత్రం అప్పటి నుంచి ఆ గంట తప్ప ఇంకేమీ కనబడడం లేదు.

చాచాను నలుగురూ తలుచుకోవాలనే ఇది రాస్తున్నాను. మధ్యలో నా సంగతి వస్తుంది. రాకుండా రాయడం నాకు చేతకాలేదు.

నలభై రెండేళ్లకు నాకు షుగరు వచ్చింది. డాక్టరు నడవమంటే, సుబేదారిలో మా ఇంటి చుట్టూ శిక్ష పడ్డదానిలా తిరిగేదాన్ని. ఒకరోజు దుకాణం తెరుస్తుంటే చాచా పక్క నుంచి అడిగారు, నడుస్తున్నావా లేక నడిచినట్టు డాక్టరుకు చెప్తున్నావా అని. మరునాడు పాత లేడీస్ సైకిలొకటి తుడిచి, సీటు దించి, నా ముందు పెట్టారు. చీర కట్టుకుని సైకిలేంటి, బజారంతా నవ్వుతారు అన్నాను. నవ్వనీ, వాళ్లకూ జర కసరత్తు అవుతుంది అన్నారు. అలా మొదలైంది. సైకిలు తర్వాత పరుగు కూడా ఆయనే నేర్పారు. తాను ముందు సైకిలు మీద మెల్లగా పోతూ, వెనక నా చెప్పుల చప్పుడు విని, నేను తొందరపడుతున్నానో బద్ధకిస్తున్నానో చెప్పేవారు. బూట్లు కొనుక్కోమని చెప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. అసలు నేను ఉంటానో పారిపోతానో చూశారట.

ఆయన వయసులో ఉన్నప్పుడు సైకిలు పందెంలో గెలిచిన కప్పు ఒకటి దుకాణంలో ఉండేది. అందులో వాల్వు ట్యూబులు, బాల్ బేరింగులు పోసి పెట్టేవారు. దాని గురించి అడిగితే, ఆనాడు గాలి వెనక నుంచి కొట్టిందని చెప్పి మాట తప్పించేవారు. నేను ఆయాసంతో కూలబడ్డ రోజున మాత్రం ఆయనకు కోపం వచ్చింది.

"దమ్మున్నప్పుడే ఆగాలె బిడ్డా. దమ్ము అయిపోయినంక ఆగితే అది ఆగుడు కాదు, పడుడు."



రెండేళ్ల కింద నేను చేతికి పెట్టుకునే జీపీఎస్ గడియారం కొనుక్కున్నాను. ఎంత దూరం పోయాం, ఎంత వేగం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, అన్నీ చూపిస్తుంది. మొదట చాచా దాన్ని లెక్కచేయలేదు. ఆదివారం రఘునాథపల్లి దాకా పోయి వస్తుంటే ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా సైకిలు ఆపించి, కళ్లద్దాలు పెట్టుకుని, రాయినీ నా మణికట్టునూ మార్చి మార్చి చూసేవారు. నీ గడియారానికీ రాయికీ పడటం లేదు, రాయి ఎటూ పోదు కాబట్టి గడియారానిదే తప్పు అని తీర్పు చెప్పేవారు. అంతగా చూస్తున్నారంటే మనసైందని నాకు అర్థమైంది. రంజాన్ పండుగకు అలాంటిదే ఒకటి తెచ్చి ఇచ్చాను. వద్దు వద్దంటూనే చెయ్యి చాపారు.

అది కూడా కుడి చెయ్యి. ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది, పట్టీ బిగిస్తే నొప్పి. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునేటప్పుడు గడియారం తీసి ఆ పందెం కప్పులో వేసేవారు. నమాజు అయ్యాక మళ్లీ పెట్టుకుని, కాసేపాగి నా దగ్గరికి వచ్చి గుండె అంకె చూపించేవారు. "చూడు, ఎట్ల తగ్గిందో." దూరమూ వేగమూ ఆయనకు పట్టవు. ఆ అంకె ఒక్కటే ఇష్టం.

దానిలో ఇంకొక ఏర్పాటు ఉంది. పెట్టుకున్న మనిషి పడిపోతే గడియారం తెలుసుకుంటుంది. కాసేపు వణికి, మనిషి దాన్ని ఆపకపోతే, మనం ముందే ఇచ్చిన నంబరుకు ఎక్కడ పడ్డాడో కబురు పంపుతుంది. చాచాకు ఆ నంబరు నాది. ఆయన భార్య, మా చాచీకి ఫోను వాడకం రాదు కాబట్టి నాదే పెట్టమన్నారు.

కానీ చాచా సుత్తి పట్టేది కుడిచేత్తోనే. వంకర పోయిన రిమ్మును నాలుగు దెబ్బలు కొట్టేసరికి గడియారం మనిషి పడిపోయాడనుకునేది. ఆ చప్పుడులో దాని వణుకు ఆయనకు తెలియదు. మొదటిసారి కబురు వచ్చినప్పుడు గిరాకీని వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పక్క దుకాణానికి ఉరికాను. చాచా సుత్తి పట్టుకుని కూర్చుని నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత ఇద్దరమూ పొట్ట పట్టుకుని నవ్వాం. రెండోసారి కూడా ఉరికాను. పదోసారికి గోడ అవతల సుత్తి చప్పుడు వింటూ ఫోను నోరు నొక్కేసేదాన్ని. పని చేసేటప్పుడు గడియారం తీసి పెట్టమంటే సరే అనేవారు, మరిచిపోయేవారు.

ఒక శనివారం పెళ్లి సామాన్లకు వచ్చినవాళ్లు దుకాణం నిండా ఉన్నారు. గంటలో మూడుసార్లు మోగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పక్కకు పోయి చాచా ఫోను తీసుకుని ఆ ఏర్పాటు మొత్తం ఆపేశాను. ఇక అరవదు చాచా అని చెప్పాను. మంచిగైంది బిడ్డా అన్నారు. అరవకపోవడమంటే ఏమిటో ఆయనకు నేను చెప్పలేదు. తెల్లారి ములుగు రోడ్డుకు పోతారని తెలుసు. పొద్దున ఫోను చేసి మళ్లీ పెట్టిద్దామనుకున్నాను. ఐదింటికి ఆయనే ఫోను చేశారు. నువ్వు గ్రౌండులో పరిగెత్తు, నేను ఒక్కణ్నే పోయొస్తా అన్నారు. జాగ్రత్త చాచా అన్నాను. గడియారం మాట గుర్తుకే రాలేదు.

ఆ పొద్దున నేను ఐదు కిలోమీటర్లు ఎన్నడూ లేనంత తొందరగా పరిగెత్తాను. సంబరం పట్టలేక నా గడియారాన్ని ఫోటో తీసి చాచాకు వాట్సాప్ చేశాను. ఆరూ నలభై. రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు. తొక్కుతున్నారు కదా, ఆగాక చూస్తారులే అనుకున్నాను.

దినాలన్నీ గడిచాక ఆ రోజు లెక్క ఆయన ఫోనులో తెరిచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. వేగం గీత ఆరూ పదికి నేల మీదికి పడిపోయి మళ్లీ లేవలేదు. దాని కింద ఎర్రగా గుండె గీత ఉంది. అది ఆగలేదు. సన్నగా, ఎగుడు దిగుడుగా, గంటకు పైగా నడిచింది. నేను నా రికార్డు ఫోటో తీస్తున్న ఆరూ నలభైకి కూడా ఆ గుండె కొట్టుకుంటోంది. అది ఆయనకు ఇష్టమైన అంకె.

చాచీ ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక నాలుగు నెలల పైన గడప దాటరు. నేనే పోయి కూర్చుంటాను. మొదటి వారంలో ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అన్నారు.

"ఒక్కనివి అంత దూరం పోకుమంటె ఇంటుండెనా? నేను పడితె బిడ్డకు తెలుస్తది, ఉరికొస్తది, నువ్వు ఫికర్ చెయ్యకు అంటుండె. ఆ పొద్దు ఆడ సిగ్నల్ లేకుండె కదా బిడ్డా?"

ఆమె నన్ను నిలదీయడం లేదు. నా మీద మచ్చ పడకుండా తానే ఒక కారణం వెతికి పెట్టారు. అక్కడ సిగ్నల్ ఉందని చెప్పే ఆ రెండు టిక్కులు నా కళ్ల ముందే ఉన్నాయి.

"లేకుండె చాచీ," అన్నాను.

ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం ఇంతవరకు రాలేదు. ఇన్ని మాటలు మీకు చెప్పగలిగాను, ఆమెకు ఒక్క మాట చెప్పలేకపోయాను. చాచీకి చదువు రాదు. ఇది రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది అదే అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నా గడియారం బీరువాలో పడేశాను. మళ్లీ పరిగెత్తలేదు. నేర్పిన మనిషి కోప్పడతారని తెలిసినా కాళ్లు రావడం లేదు.

చాచా గడియారం, ఫోను చాచీ దగ్గర ఉన్నాయి. గడియారంలో టైము చూసుకుంటాను, నడిచేటట్టు చేసి పెట్టమని అడిగారు. రెండింటికీ చార్జింగు పెట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు, ఎవరికీ పనికిరాని ఈ వేళలో, పడితే కబురు పంపే ఆ ఏర్పాటు మళ్లీ తెరిచాను. గాజులు తీసేసిన చేతికి ఆమె దాన్ని పెట్టుకున్నారు. పట్టీ చివరి చిల్లుకు బిగించినా వదులే.

మొన్న మధ్యాహ్నం దుకాణంలో ఉండగా ఫోను మోగింది. చాచా పేరు, కింద వాళ్లింటి గుర్తు. పడిపోయారని రాసి ఉంది. గోడ అవతల దుకాణం షట్టరు దించి ఉందని తెలిసి కూడా చెప్పులు లేకుండా ఉరికాను. సందు మలుపులోనే దంచే చప్పుడు వినబడింది. చాచీ గడప లోపలే కూర్చుని రోట్లో ధనియాలు దంచుతున్నారు. ఒక్కో పోటుకు ఆ వదులు గడియారం మణికట్టు నుంచి మోచేతి దాకా జారి, మళ్లీ కిందికి వస్తోంది.

ఏమైంది బిడ్డా, ఇట్ల ఉరికొచ్చినవ్ అని అడిగారు. ఏం లేదన్నాను. ఆమె కాసేపు చూసి, మళ్లీ దంచడం మొదలుపెట్టారు. నా చేతిలో ఫోను మోగుతోంది. నేను దాన్ని ఆపలేదు.