మూత లేని బ్యాటరీ

అది 2005 ఎండాకాలం. విజయవాడ గవర్నర్‌పేటలో మెట్ల కింద ఇరుకు గదిలో నా లాప్‌టాప్‌ల కొట్టు. అప్పట్లో లాప్‌టాప్ కొనడమంటే పెళ్లిచూపులే. ఇంటిల్లిపాదీ దిగేవాళ్లు, కొనేది ఒకరైతే వంకలు పెట్టేది నలుగురు. నాకు అసలే ఓపిక తక్కువ. "చూడ్డం అయిందిగా, ఇక ఏదో ఒకటి చెప్పండి" అని మొహం మీదే అనేదాన్ని.

రత్నంగారు మాత్రం కూతుర్ని వెంటబెట్టుకుని ఇద్దరే వచ్చారు. ఆటోనగర్‌లో లారీలకి ఎలక్ట్రికల్ పని చేసే షెడ్డు ఆయనది. కూతురు లావణ్య ఇంజనీరింగ్ చదువుతోంది. కారు రేసుల గేములంటే ఆ పిల్లకి ప్రాణం. లాప్‌టాప్ చదువుకని తండ్రి అనుకుంటున్నాడు, గేములకని పిల్ల అనుకుంటోంది. అది నాకు చూడగానే అర్థమైంది.

కౌంటరు మీద రెండు పెట్టాను. మొదటిదాంట్లో ఉన్నది డెస్క్‌టాప్ ప్రాసెసర్. అంటే బల్ల మీది పెద్ద కంప్యూటర్లో ఉండాల్సిన చిప్పునే తెచ్చి ఇందులో ఇరికించారన్నమాట. గ్రాఫిక్స్ కార్డు కూడా విడిగా ఉంది కాబట్టి గేములు పరిగెడతాయి. కానీ బ్యాటరీ గంట నిలిస్తే గొప్ప, అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. రెండోదాంట్లో మొబైల్ ప్రాసెసర్, లాప్‌టాప్ కోసమనే తయారు చేసింది. కరెంటు తక్కువ తాగుతుంది, చల్లగా ఉంటుంది, పూటంతా నిలుస్తుంది. గేములకి మాత్రం పనికిరాదు.

"దీనిమీద మూడు గిగాహెర్ట్జ్ అని రాసుంది, దానిమీద అందులో సగమే ఉంది. ఏంటమ్మా అది?" అన్నారు రత్నంగారు.

"చిప్పు ఎంత వేగంగా కొట్టుకుంటుందో చెప్పే అంకె అండీ. అదొక్కటే చూసి కొనకూడదు."

ఆయన రెండిటినీ ఎత్తి బరువు చూశారు. "అయితే ఇది పికప్పు బండి, అది మైలేజీ బండి. అంతేనా?"

"అంతేనండీ బాబూ!" అన్నాను. ఇన్నాళ్లూ గొంతు చించుకున్నా ఎవరి బుర్రకీ ఎక్కించలేకపోయిన సంగతి అది. ఆ తర్వాత వచ్చిన వాళ్లందరికీ నేను ఆ మాటే అప్పజెప్పాను.

లావణ్య చెయ్యి అప్పటికే పికప్పు బండి మీద ఉంది. "కరెంటు పోతే గంటలో ఆగిపోద్దమ్మాయ్, ఆలోచించుకో" అన్నాను.

"పర్లేదు ఆంటీ. మా నాన్న ఉన్నాడుగా, చూసుకుంటాడు."

ఆంటీ అన్నందుకు ఒళ్లు మండింది గానీ, తండ్రి మీద ఆ పిల్ల నమ్మకం చూస్తే ముచ్చటేసింది. రత్నంగారు కూడా మురిసిపోయారు. "కరెంటంటే మన చేతిలో పనేగా అమ్మా" అంటూ దాన్నే ప్యాక్ చేయించుకున్నారు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కొట్లో ఫోను మోగింది.

"అమ్మా, ఆటోనగర్ రత్నాన్ని. మన లాప్‌టాప్ అడుగున కొంచెం ఉబ్బిందండీ."

"ఉబ్బడమేంటండీ? ఏం చేశారు దాన్ని?"

ఆయన ఎంతో సంబరంగా చెప్పుకొచ్చారు. మధ్యాహ్నాలు కరెంటు కోత కదా, గేము మధ్యలో ఆగిపోతోందని పిల్ల గోల. అందుకని షెడ్డులో రెండు లారీ బ్యాటరీలు కలిపి, డయోడ్లతో ఓల్టేజీ కాస్త దించి, లాప్‌టాప్‌కి వైరు ఇచ్చారట. సెలవులు కాబట్టి లావణ్య రోజూ షెడ్డుకే వచ్చి ఆడుకుంటోందట.

"ఓరి దేవుడా! అది అంత ఓల్టేజీ తట్టుకోదండీ, ముందు ఆ వైరు పీకండి!"

"పీకేశానండీ. బ్యాటరీ కూడా ఊడదీశా. లోపల గ్యాసు పట్టింది, అంతే. మా బ్యాటరీలకైతే మూతలు తీసి వదిలేస్తాం. దీనికి చూస్తే మూతే లేదు. అందుకని డ్రిల్లుతో చిన్న బెజ్జం వేస్తన్నా. ఏ పక్క వేస్తే మంచిదో మీరు చెప్తారని ఫోన్ చేశా."

నేను కుర్చీలోంచి లేచాను. ఆయన చెప్పుకుపోతూనే ఉన్నారు.

"పట్టుకారుతో పడితే నలిగిపోద్దేమోనని మా అమ్మాయి చేత్తో పట్టుకుందండీ."

"వద్దు! రత్నంగారూ, వద్దండీ! కింద పెట్టించండి!" అని అరిచాను. అవతల డ్రిల్లు గిర్రున తిరిగిన మోత వినిపించింది, ఆ వెంటనే ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. లారీ బ్యాటరీలో ఉండేది యాసిడ్ నీళ్లు. గ్యాసు పోవడానికి దానికి మూతలుంటాయి, ఆయన చెప్పింది నిజమే. లాప్‌టాప్‌లో ఉండేది లిథియం బ్యాటరీ. అందులో పలచటి పొరలు ఒకదానికొకటి తగలకుండా చుట్టి ఉంటాయి. బెజ్జం పడిందా, ఆ పొరలు కలుస్తాయి, లోపలినుంచే అంటుకుంటుంది. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి కాసేపటికి. లాప్‌టాప్ కంపెనీవాళ్ల ట్రైనింగ్‌లో మాకు అలా కాలినదాన్ని ఒకటి చూపించారు. ఇనుప బల్లకి అతుక్కుపోయి ఉంది.

షట్టరు సగం లాగి, తాళం కూడా వెయ్యకుండా ఆటో ఎక్కాను. బెంజి సర్కిల్ దగ్గర లారీలన్నీ అడ్డం పడి ఆగిపోయాం. ఆ పిల్ల చేతులు, ఆ చేతుల మీదికి వంగిన మొహం, అదే కళ్లముందు. అమ్మా దుర్గమ్మా, ఈ ఒక్కసారికి కాపాడు తల్లీ అని మొక్కుతూనే ఉన్నాను. "ఆసుపత్రికాండీ?" అని ఆటో అతను అడిగితే ఏడుపు తన్నుకొచ్చింది.

షెడ్డు చీకటిగా ఉంది. డ్రిల్లు చప్పుడు లేదు. లోపలికి వెళ్లి చూస్తే లావణ్య స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు అరచేతుల్లో బ్యాటరీ. రత్నంగారు కింద కూర్చుని పనిముట్ల పెట్టె గాలిస్తున్నారు.

"రండమ్మా! నా ఫోను ఛార్జింగ్ అయిపోయి మీరు చెప్పింది వినపడలేదు. డ్రిల్లు అలా ఆనించానో లేదో కరెంటు పోయింది. చేతి డ్రిల్లు వెతుకుతున్నా."

బ్యాటరీ మీద చిన్న గుంట కనిపించింది, పెసరగింజంత.

అరవాలని ఉంది. కానీ అరిస్తే ఆ పిల్ల ఉలిక్కిపడుతుంది. గొంతు అదుపులో పెట్టుకుని, "లావణ్యా, దాన్ని మెల్లగా ఆ ఇసక బకెట్లో పెట్టమ్మా. విసరకు" అన్నాను.

"వేడెక్కతానే ఉంది ఆంటీ, ఇందాకట్నించి. నాన్న పట్టుకోమన్నాడని పట్టుకున్నా" అంటూ లేచి పెట్టింది. నేను ఆ పిల్లని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాను. రత్నంగారు నా మొహం చూసి వెంటనే లేచారు. పొడవాటి ఇనపరాడ్డుకి బకెట్టు తగిలించి పక్కనున్న ఖాళీ స్థలంలోకి లాగి వదిలేశారు.

ఆయన మా దగ్గరికి వచ్చేలోపే బుస్సుమంది. తెల్లటి పొగ, ఘాటు వాసన, ఆపైన మనిషెత్తు మంట. పక్క షెడ్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు. బకెట్టు పెయింటు కూడా మాడిపోయింది.

అందరం మంటనే చూస్తున్నాం, రత్నంగారు తప్ప. ఆయన కూతురి రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తిప్పి, ఒక్కో వేలూ తడిమి చూస్తున్నారు. అరచేతులు ఎర్రబడి ఉన్నాయి, అంతకు మించి ఏమీ కాలేదు. అయినా మళ్లీ మొదటి వేలి నుంచి చూశారు. "నేనే పట్టుకోమన్నాను... నేనే" అంటూ అక్కడే మట్టిలో కూలబడిపోయారు. లావణ్య ఆయన పక్కన కూర్చుని, "ఏం కాలేదుగా నాన్నా" అంటోంది గానీ దాని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మా కొట్టుకి వచ్చి మైలేజీ బండి తీసుకెళ్లారు. గేముల ఊసు ఎవరూ ఎత్తలేదు.

పని రానివాడు దేన్నైనా భయపడుతూ ముట్టుకుంటాడు. పని బాగా వచ్చినవాడికి ఆ భయం ఉండదు, అన్నీ తనకి తెలిసిన బ్యాటరీలే అనుకుంటాడు. రత్నంగారు నాకు నేర్పింది అదే. ఈ పనిలో ఇన్నేళ్లు గడిచినా, ఫోనులో "ఉబ్బిందండీ" అన్న మాట వినపడితే చాలు, నాకు చెమట్లు పడతాయి. ఏ మోడలు, ఎప్పుడు కొన్నారు, వారంటీ ఉందా, అవన్నీ తర్వాత. ముందు ఒక్కటే అడుగుతాను: "అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉందండీ?"