జ్వరం రాలేదు కదా అనుకున్నాం

ఆ రోజు మా ఆయన కంచంలో అన్నం మిగిల్చారు. చేపల పులుసు వండితే మెతుకు వదలని మనిషి, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు.

మాది కైకలూరు పక్కన. రొయ్యల చెరువు మీదే బతుకు. చెరువులో మేత వేశాక చెక్ ట్రే అని ఒక పళ్ళేన్ని తాడుతో నీళ్ళలోకి దించి, కాసేపయ్యాక పైకి తీసి చూస్తారు. అందులో మేత మిగిలితే రొయ్యలకు ఒంట్లో బాగోలేదని అర్థం. ఆ ట్రే చూసి రోగం పసిగట్టడంలో మా ఆయన దిట్ట.

"ఏవండీ, ఇవాళ మీ ట్రేలో మేత మిగిలింది" అన్నాను.

"నీ మొహం. వేలు సలుపుతోంది, అంతే" అన్నారు.

ముందురోజు రొయ్యలు పడుతుంటే ఒక రొయ్య తలమీద ముల్లులా ఉండే కొమ్ము ఆయన కుడి చూపుడువేలికి గుచ్చుకుంది. చెరువు మీద బతికేవాళ్ళు దాన్ని దెబ్బలో జమకట్టరు. కాస్త పసుపు అద్ది ఊరుకుంటారు. వేలు చూశాను, కొద్దిగా కందింది. నొప్పి మాత్రం మోచేతిదాకా పాకిందన్నారు. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు.

"చూశావా? జ్వరమే లేదు. హాస్పిటలంటే నీకు సరదా" అని కసిరారు. పక్కింటావిడదీ అదే మాట. జ్వరం లేకపోతే భయం లేదట!

మర్నాటికి మణికట్టు దగ్గర చర్మం నల్లబడి బొబ్బలెక్కింది. అప్పటికీ జ్వరం లేదు. ఇక ఆయన మాట వినలేదు. కారు మాట్లాడి ఏలూరు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. చెయ్యి చూడగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవండి" అన్నారు మా ఆయన. అబద్ధమాడాలని కాదు. మోకాళ్ళ నొప్పులకని ఎవరో పొట్లం కట్టి ఇచ్చే బిళ్ళలు ఏడాది పైనుంచీ మింగుతున్నారు. ఆయన దృష్టిలో అవి మందులే కావు. కంగారులో నాకూ గుర్తు రాలేదు.

బ్లడ్ టెస్టులు, స్కాన్ అయ్యాయి. "ఇన్‌ఫెక్షన్ చర్మం కింద పాకిపోయిందమ్మా. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ముందు ప్రాణం, తర్వాతే చెయ్యి" అన్నారు డాక్టరమ్మ. సంతకం పెట్టాను. కుళ్ళిన కండ తీసేశారు. చూపుడువేలు పోయింది. చెయ్యి దక్కింది కదా అనుకునేలోపే బీపీ పడిపోయింది. ఐసీయూలో పెట్టి సెలైన్లు ఎక్కిస్తున్నా బీపీ పైకి లేవడం లేదు.

"ఈయన రోజూ మింగేది ఏదైనా ఉందేమో ఆలోచించండమ్మా" అన్నారు డాక్టరమ్మ. అప్పుడు తట్టింది. ఆయన చొక్కా జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాను.

"ఇవి స్టెరాయిడ్లే అయ్యుంటాయి" అని వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షనే చేయించారు. సాయంత్రానికి బీపీ నిలబడింది. అప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"ఒంట్లోకి క్రిమి దూరగానే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తాలమ్మా. వాపూ, ఎరుపూ, జ్వరమూ ఆ పోరాటంలో వచ్చేవే. స్టెరాయిడ్ ఆ కణాల చేతులు కట్టేస్తుంది. లోపల క్రిమి తింటూపోయినా బయటికి తెలియలేదు. పైగా బయటి స్టెరాయిడ్‌కి అలవాటుపడి, ఒళ్ళు తనకు కావలసిన స్టెరాయిడ్‌ని తాను చేసుకోవడం మానేసింది. ఇక్కడ ఆ బిళ్ళా అందలేదు, అందుకే బీపీ పడింది. అదే మందు ఇంజెక్షన్‌గా ఇస్తే నిలబడింది."

మా ఇంటి అరలో రొయ్యల మేతలో కలిపే ఇమ్యూనిటీ పొడి డబ్బాలు వరసగా ఉంటాయి. రొయ్యలకేమో రోగనిరోధక శక్తి కొని పెట్టి, తన ఒంట్లో ఉన్నదాన్ని బిళ్ళలేసుకుని అణగదొక్కుకున్న మనిషిని ఏమనాలి? ఐసీయూ బయట కూర్చుని తిట్టుకున్నాను, ఏడ్చాను, మళ్ళీ తిట్టుకున్నాను.

తర్వాత స్కిన్ గ్రాఫ్టింగ్ చేసి, చేతికి వేరేచోటి చర్మం అతికారు. స్టెరాయిడ్‌ని డాక్టరమ్మే కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. ఇప్పుడు ఆయన వల విసరలేరు. ఇంకొకరు విసురుతుంటే గట్టు మీద నిలబడి వంకలు పెడతారు. ఒక్కోసారి ఆ చెయ్యి వంకే చూసుకుంటారు. అది నేను చూడలేను.

మొన్న వానలకు జలుబు చేసి ఆయన ఒళ్ళు కాలిపోయింది. థర్మామీటర్ నూటొకటి చూపించింది. భయంతో ఏలూరు పరుగెత్తాం. కానీ ఆ అంకె చూడగానే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"జ్వరమొస్తే నవ్వుతావేంటే?"

"మీ ఒళ్ళు మళ్ళీ దెబ్బలాడుతోందండీ" అన్నాను.

ఇది చదివేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. పొట్లంలో బిళ్ళయినా, పొడైనా, కషాయమైనా, మీరు మింగేది డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి చూపించండి. భయపడి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపెయ్యకండి.

ఆయన భోజనానికి కూర్చుంటే ఇప్పుడు నేను ఎదురుగా కూర్చుంటున్నాను. స్పూను ఇస్తే పట్టరు. మిగిలిన వేళ్ళతోనే తంటాలు పడి ముద్ద కలుపుకుంటారు.

"ట్రే చూడ్డానికొచ్చావా?" అంటారు.

"అవునండీ" అంటాను. కంచం ఖాళీ అయ్యేదాకా లేవను.