రెండు రంధ్రాలు

పెద్దకోడలు పద్నాలుగేళ్లుగా ఆ లాయంలో గుర్రాల్ని తోముతోంది. తోడికోడల్ని నిరుడు ఆవిడే పనిలో పెట్టించింది. ‘తుంటరి’ అని ఆవిడ పిలుచుకునే మూడేళ్ల ఆడగుర్రం మొదటి రేసులో తొమ్మిదోది, తర్వాత అయిదోది. పోయిన నెల మెడంత తేడాలో గెలుపు తప్పి రెండోది. అప్పుడు తెరుచుకున్నాయి యజమానుల కళ్లు. మర్నాడే ట్రైనర్ దాని పగ్గం పెద్దకోడలి దగ్గర తీసుకుని చిన్నకోడలికి ఇచ్చాడు.

"ఆ పిల్ల వాళ్లతో నవ్వుతూ మాట్లాడుతుంది. నువ్వేమో ముఖం ముడుచుకుంటావు," అన్నాడు పెద్దకోడలితో.

గెలిచిన గుర్రం పగ్గం పట్టినవాళ్లే ఫొటోలో నిలబడతారు. రోజూ పేడ ఎత్తే చేతికి దక్కే గౌరవం అదొక్కటే. ఫొటోలో మిగతా చోటంతా, ఆ గుర్రం ఏం తింటుందో కూడా తెలియని పెద్దమనుషులది.

పెద్దకోడలు ట్రైనర్ మీదా, తోడికోడలి మీదా మండిపడింది. తుంటరి చిన్నకోడలి భుజం మీద మూతి ఆనిస్తే, విశ్వాసం లేనిదానా అని గుర్రం మీద కూడా కోపమే.

"అక్కా, దీనికి ఇంకేమైనా అలవాట్లున్నాయా?"

"నన్నడుగుతావేం తల్లీ! నవ్వుతూ దాన్నే అడుగు, చెబుతుంది."

ఉంది ఒకటి. జీను పట్టీ బిగిస్తుంటే తుంటరి ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. పది అడుగులు నడిపించి, అది ఊపిరి వదిలాక పట్టీని ఇంకో రెండు రంధ్రాల మేర లాగాలి. లేదంటే పరుగులో జీను జారిపోతుంది.

రేసు రోజు చిన్నకోడలు పట్టీ ఒక్కసారే బిగించి ఊరుకుంది. పక్కనే తన ముసలి గుర్రాన్ని పట్టుకున్న పెద్దకోడలు చూసి, ముఖం తిప్పుకుంది. ఓడనీ. అప్పుడు తెలుస్తుంది ఎవరి చేతి చలవో.

జాకీ రికాబులో కాలు పెట్టాడు. నిరుడు ఇలాగే జీను జారి పడ్డ జాకీ ఇప్పుడు చంకలో కర్రతో గేటు దగ్గర టిక్కెట్లు చించుతున్నాడు. యజమానులు అతనికి పంపింది ఒక పూలగుత్తి.

"దిగవయ్యా, దిగు! చిన్నదానా, దాన్ని పది అడుగులు నడిపించు!" అని అరిచింది పెద్దకోడలు.

నడిపించాక పట్టీ తనే లాగింది. రెండు రంధ్రాలు. చిన్నకోడలి ముఖం పాలిపోయింది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

తుంటరి అర గుర్రం పొడవు తేడాతో గెలిచింది. చిన్నకోడలు పగ్గం అందించబోయింది. "నువ్వు పట్టుకో అక్కా."

"త్వరగా! ఒక్కళ్లే!" అన్నాడు ఫొటోవాడు.

ఆ తాడు కోసం పెద్దకోడలి వేళ్లు దురద పెట్టాయి. అయినా కదల్లేదు. "నా చేతిలో ముసలాడున్నాడుగా, వీడి రేసు ఇంకా కాలేదు. నువ్వే నిలబడు. పళ్లన్నీ బయట పెట్టకు, గుర్రమేదో తెలియక చస్తారు."

సాయంత్రం లాయంలో గుర్రాన్ని కడుగుతూ చిన్నకోడలు అడిగింది: "ఇంకా ఏమేం దాచావు?"

"ప్రాణం మీదికొచ్చేవి రెండున్నాయి, అవి ఇప్పుడే విను," అంది పెద్దకోడలు, చిన్నకోడలి చేతిలోంచి బ్రష్షు లాక్కుంటూ. "మిగతావి పగ్గం నాకు తిరిగొచ్చాక చెబుతా."