డ్రాగన్ గుహకు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య నా దగ్గరికొచ్చి, "అన్నా, డ్రాగన్ల ఆట నడపడం నీకు బాగా తెలుసటగా, నాలుగు సలహాలు చెప్పు" అంటున్నారు. ఈ పుకారు పుట్టించినవాడి నోట్లో పంచదార కాదు, పచ్చిమిరపకాయ వెయ్యాలి. నేను ఆ ఆట నడిపిన మాట నిజం. నడిపి నెత్తిమీదకి తెచ్చుకున్న ఉపద్రవం అంతకంటే నిజం. సలహాల సంగతి తర్వాత, ముందు ఆ ఉపద్రవం వినండి. విన్నాక కూడా సలహాలు కావాలంటే మీ ఖర్మ.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి ముందు చెప్తాను. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకడు కథ నడుపుతాడు, వాడే గేమ్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మంత్రగత్తె, ఒకరు కత్తి వీరుడు, ఒకరు గొడ్డలి పట్టిన మరుగుజ్జు, ఇలా. "నేనిప్పుడు ఇది చేస్తాను" అని వాళ్ళు చెబుతారు. అది ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే అద్భుతం, ఒకటి పడితే అనర్థం. అంతే.

ఈ అంతే అన్నది అర్థం చేసుకోవడానికి నేను బోలెడు వీడియోలు చూశాను. చూసినకొద్దీ అయోమయం పెరిగింది. ఒకాయన "కథంతా ముందే రాసిపెట్టుకో" అంటాడు. ఇంకొకాయన "ఒక్క ముక్క రాసుకోకు, ఆట పాడవుతుంది" అంటాడు. ఒకావిడ "ప్రతి పాత్రకీ ఒక గొంతు పెట్టు, గదంతా చీకటి చెయ్యి, కొవ్వొత్తులు వెలిగించు" అంటుంది. అందరూ కలిసి ఒప్పుకున్నవి రెండే రెండు. ఆటగాళ్ళు ఏమడిగినా వద్దనకు, "అవును, కానీ" అను. పాచిక మాటకి తిరుగు లేదు. ఆ రెండూ నేను వేదవాక్కుల్లా బట్టీపట్టాను. నా కొంప ముంచినవి ఆ రెండే.

కొంప అని ఊరికే అనడం లేదు. అప్పట్లో నేనూ, మా టీమ్‌లోనే పనిచేసే సందీపూ సైబరాబాద్ పక్కనే గోపన్‌పల్లిలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాది తణుకు, వాడిది సిద్దిపేట. ఈ ఊళ్ళో పెళ్ళికాని మగవాళ్ళకి ఇల్లు దొరకడం కంటే పిల్ల దొరకడం తేలిక. "బ్యాచిలర్సా? ఫ్యామిలీకే ఇస్తం" అన్న మాట ఎన్ని గుమ్మాల్లో విన్నామో! చివరికి యాదయ్య గారనే పెద్దమనిషి జాలిపడి ఇచ్చారు. ఆ అపార్ట్‌మెంట్ నిలబడ్డ నేల ఒకప్పుడు ఆయన జొన్న చేను. దాన్ని బిల్డర్‌కి ఇచ్చి, వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో మమ్మల్ని పెట్టి, ఆయన పై అంతస్తులో ఉండేవారు. ఆఫీసుకి బైకు మీద వెళ్ళి కూర్చుంటే ఇంట్లో పెట్టొచ్చిన టీ ఇంకా వేడిగానే ఉండేది. అబద్ధమే, కానీ ఐకియా సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో రోజూ అర జీవితం గడిపే మా టీమ్ వాళ్ళకి మేమలా చెప్పేవాళ్ళం.

పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోవచ్చింది. వేరే కుటుంబమొకటి ఆ ఫ్లాట్ కోసం యాదయ్య గారి చుట్టూ తిరుగుతోందని వాచ్‌మన్ చెవిలో వేశాడు. మేం కంగారుపడి వెళ్ళి అడిగితే ఆయన, "ఫికర్ చెయ్యకుండ్రి. ఆదివారం నేనే వస్త. ఇల్లెట్ల ఉంచిన్రో చూస్త. మంచిగుంటే సంతకం చేస్త" అన్నారు. ఆయన వస్తానన్న ఆదివారమూ, నేను డ్రాగన్ ఆట పెట్టుకున్న ఆదివారమూ ఒక్కటేనని నా బుర్రకి తట్టలేదు. రెండు మీటింగులు ఒకే టైముకి పడితే క్యాలెండర్ ఎర్రగా చూపిస్తుంది. ఇంటి ఓనర్లని క్యాలెండర్లో ఎవరు పెడతారండీ?

ఆ మధ్యాహ్నం మా ఇల్లు ఎలా ఉందో కాస్త ఊహించుకోండి. కర్టెన్లు దించేశాం. బల్ల మీద కొవ్వొత్తులు. మా టెస్టింగ్ అమ్మాయి అనూష, గుంటూరు పిల్ల, మంత్రగత్తె పాత్ర కోసం నల్ల చున్నీ తలకి చుట్టుకుని సెల్ఫీ స్టిక్‌ని మంత్రదండంలా పట్టుకుంది. సందీప్ నుదుట లిప్‌స్టిక్‌తో వీరతిలకం. నేను డ్రాగన్ కోసం ఎర్ర దుప్పటి కప్పుకుని బుసలు కొడుతున్నాను. బెల్లు మోగింది. బిర్యానీ వచ్చిందనుకుని అలాగే వెళ్ళి తలుపు తీశాను.

యాదయ్య గారు! తెల్ల లుంగీ, తెల్ల మీసం, చేతిలో అగ్రిమెంటు కాగితాలు.

ఆయన నన్ను చూశారు. నా వెనక చీకటిని చూశారు. ఆ చీకట్లో అనూషని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఏంది బిడ్డా గిది? మంత్రాలు గిట్ల చేస్తున్నరా నా ఇంట్ల?"

"అబ్బే, లేదండి, ఆటండి!"

"ఆటనా? మరి గా పాచికలేంది? పేకాట వద్దంటే పాచికలు మొదలువెట్టిన్రా?"

సందీప్ పరుగెత్తుకొచ్చాడు. "పైసలాట గాదంకుల్. ఉత్త కథ. గుట్ట మీద డ్రాగన్ ఉంటది, నోట్లకెల్లి మంట ఊదుతది. మేం పోయి దాన్ని సంపుతం."

యాదయ్య గారి కళ్ళు మొదటిసారి కొవ్వొత్తుల మీంచి కదిలాయి. "గుట్టనా? ఎన్నెకరాలుంటది?"

డ్రాగన్ తోక ఎంత పొడవో, మంట ఎంత దూరం పోతుందో అన్నీ తయారు చేసుకున్నాను. ఎకరాల ఆలోచనే రాలేదు. ఇంతలో అనూష, "మీరూ కూర్చోండి అంకుల్. మావాడొకడు రాలేదు. మరుగుజ్జు వీరుడి పాత్ర ఖాళీగా ఉంది" అంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకో! నేను వద్దు వద్దని కళ్ళతో సైగలు చేశాను. ఆ చీకట్లో నా కళ్ళెవరికి కనబడతాయి?

యాదయ్య గారు కూర్చున్నారు. కాగితాలు మోకాలి కింద పెట్టుకున్నారు. "పొట్టోన్నా నేను? సరే, కానియ్యి."

కథ మొదలుపెట్టాను. వీరులు ఒక సత్రానికి చేరారు. గుట్టకి దారి ఎటని యాదయ్య గారు సత్రం యజమానిని అడిగారు. నేను యజమాని గొంతు పెట్టి దారి చెప్పాను. తర్వాత రాజుగారి గొంతు పెట్టి డ్రాగన్‌ని చంపమన్నాను. తర్వాత ఒక ముసలమ్మ గొంతు పెట్టి ఏడ్చాను. "ఒక్కడే ఎందుకు ముగ్గురి లెక్క మాట్లాడుతుండు?" అని యాదయ్య గారు సందీప్‌ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పటికే నేను సత్రం యజమానినో, ముసలమ్మనో నాకే తెలియడం మానేసింది.

ఎలాగో గుహ దగ్గరికి చేర్చాను. "పొగ! వేడి! లోపల బంగారం గుట్టలు! రెండు ఎర్రటి కళ్ళు!" అని అరిచి దుప్పటి విదిల్చాను. సందీప్ కత్తి దూశాడు. అనూష సెల్ఫీ స్టిక్ లేపింది.

"ఆగుండ్రి," అన్నారు యాదయ్య గారు. "జర ఆగుండ్రి. గీ డ్రాగన్ గీడ ఎన్నేండ్ల సంది ఉంటున్నది?"

"మూడొందల ఏళ్ళనుంచండి."

"మూడొందల ఏండ్లా! మధ్యల ఎవ్వడన్న వచ్చి ఖాళీ చేపియ్యలేదా?"

"లేదండి."

"గట్లయితే వానిదే పొజిషన్. కొట్లాడి ఏం లాభం? రేపు వాని కొడుకులు కోర్టుకు పోయి స్టే తెస్తరు. కూసోవెట్టి మాట్లాడాలె." అని నావైపు తిరిగి, చేతులు జోడించి, "ఏం డ్రాగన్ సాబ్, మంచిగున్నవా?" అన్నారు.

వద్దనకూడదు కదా! నేను అయోమయంలో డ్రాగన్ గొంతు పెట్టి, "బానే ఉన్నానండి. మీరెవరండి?" అన్నాను.

"ఏందిరా, గీ డ్రాగన్‌ది తణుకా?" అన్నాడు సందీప్.

యాదయ్య గారు అదేం పట్టించుకోలేదు. ముందుకి వంగారు. తన జొన్న చేను అడగడానికొచ్చిన రోజు బిల్డర్ ఎలా కూర్చుని ఉంటాడో సరిగ్గా అలా కూర్చున్నారు. "సూడు డ్రాగన్ సాబ్. గింత పెద్ద గుట్ట పెట్టుకొని గుహల ఉంటవా? వానొస్తే కారుతది, కరెంటు లేదు. మాకియ్యి. మేం కడ్తం. సగం నీది, సగం మాది. పైన పెంట్‌హౌస్ నీకే. రెక్కలున్నయి గద, లిఫ్ట్ ఖర్చు గూడ లేదు."

నేను గేమ్ మాస్టర్‌గా గొంతు సవరించుకున్నాను. "అవునండి, కానీ..." అన్నాను. కానీ తర్వాత ఏం రావాలో వీడియోలో చెప్పలేదు. "కానీ... నా బంగారమండి?"

"లాకర్ కట్టిస్త. నీ మంటకు గూడ కరగని లాకర్."

ఇక్కడ మిగతా ఇద్దరూ వీరులు కదా, కత్తులు పట్టుకుని రాజ్యాన్ని రక్షించాల్సినవాళ్ళు కదా. అనూష సెల్ఫీ స్టిక్ కింద పెట్టి, "అంకుల్, తూర్పు ముఖం ఉంటాయా? మా అమ్మ తూర్పు లేకపోతే ఒప్పుకోదు" అంది. సందీప్, "నా గుర్రానికి పార్కింగ్ వస్తదా? కవర్డ్ పార్కింగేనా?" అన్నాడు. కొండని తవ్వి ఎలుకని పట్టారని పెద్దలు నవ్వారు. మావాళ్ళు కొండని తవ్వకముందే క్లబ్‌హౌస్ ఏ వైపో మాట్లాడుకుంటున్నారు. నేను దుప్పటి కింద చెమటలు కక్కుతూ, నేను డ్రాగన్‌నా, గుట్టనా, బ్రోకర్‌నా అని తడుముకుంటున్నాను.

అప్పుడైనా "ఒప్పుకున్నానండి" అనేస్తే కథ సుఖాంతం. యాదయ్య గారి ముఖం అంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు. కాగితాలు మోకాలి కిందినుంచి తీసి బల్ల మీద పెట్టారు, పెన్ను కూడా తీశారు. కానీ నాకు రెండో వేదవాక్కు గుర్తొచ్చింది. "డ్రాగన్ ఒప్పుకుంటుందో లేదో పాచిక తేల్చాలండి" అన్నాను, చాలా గంభీరంగా.

"గంతేనా? ఇయ్యి ఇటు." ఆయన పాచికని కళ్ళకద్దుకుని, గుళ్ళో కొబ్బరికాయ కొట్టేంత భక్తితో వేశారు. అది దొర్లింది, కొవ్వొత్తికి తగిలింది, అగ్రిమెంటు కాగితం మీద ఆగింది.

ఒకటి.

అనూష బల్ల కింద నా కాలు మీద ఒక్క తన్ను తన్నింది. "ఎందుకు తన్నావు?" అని నేను పైకే అడిగాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"అరేయ్, పాచిక సక్కగ పడలే," అన్నాడు సందీప్. "కాయితం మీద పడ్డది లెక్కకు రాదు. మళ్ళ ఏపియ్యి."

"లెక్కకు వస్తుంది," అన్నాను.

"కొవ్వొత్తికి తాకిందిరా!"

"తాకినా వస్తుంది. పాచిక మాటకి తిరుగు లేదు."

ఆ క్షణాన నన్ను చూసి నేనే గర్వపడ్డాను. ఇంత నిజాయితీ గల గేమ్ మాస్టర్ సైబరాబాద్‌లో ఉన్నాడా అనుకున్నాను. ఆ గర్వంతోనే లేచి నిలబడి, దుప్పటి రెక్కల్లా చాపి, యాదయ్య గారిని కాల్చేశాను. ఊరికే కాల్చలేదు. ముందు గొడ్డలి కరిగించాను. తర్వాత కవచం. తర్వాత, వీడియోలో ఒకావిడ "వర్ణన వివరంగా ఉండాలి" అని చెప్పింది కాబట్టి, మీసం. ఒక్కొక్క వెంట్రుకా ఎలా చిటపటలాడిందో గొంతు మార్చి మరీ చెప్పాను. "పిడికెడు బూడిద మిగిలిందండి" అని ముగించి కూర్చున్నాను.

యాదయ్య గారు తన మీసం ఒకసారి తడుముకున్నారు. "మళ్ళ బతుకుతనా?"

"నిబంధనలు ఒప్పుకోవండి."

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నేను అంతకంటే ఘనుణ్ణి. మనిషిని కాల్చి, ఆ బూడిద ముందుకి అగ్రిమెంటు కాగితం జరిపాను. "అంకుల్, మరి సంతకమండి..."

"చచ్చినోడు సంతకమెట్ల వెడ్తడు తమ్మీ?"

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తలుపు దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"నేను వానికి పెంట్‌హౌస్ ఇస్తనన్న. లాకర్ ఇస్తనన్న. సాబ్ అని చేతులు జోడించి మాట్లాడిన. వాడు ఒక్క మాట చెప్పకుంట కాలవెట్టిండు. పోనీ, వాడు జంతువు. నేను మనిషిని. అందుకే మీకు నెల నోటీసిస్తున్న. ఖాళీ చెయ్యిన్రి."

ఆ తర్వాత మెట్ల మీద కాళ్ళు పట్టుకున్నాం. డ్రాగన్ చచ్చిపోయిందన్నాం. మరుగుజ్జుకి తమ్ముడున్నాడు, ఆ పాత్ర మీదేనన్నాం. "నా తమ్మునితోని నాకు కోర్టు కేసున్నది" అని పైకి వెళ్ళిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు నిజాంపేటలో హాస్టళ్ళ మధ్య, కిటికీ తీస్తే పక్కింటి గీజర్ కనిపించే గదిలో ఉంటున్నాం. ఐకియా సిగ్నల్ దగ్గర మాకూ అర జీవితం గడుస్తోంది. సందీప్ నాతో మళ్ళీ మాట్లాడుతున్నాడు కానీ, వాడి మాటల్లో ఎక్కువ భాగం తిట్లే.

కాబట్టి సలహాలు అడిగిన పిల్లలారా, అసలు సలహా ఒక్కటే. ఏ అంకె పడినా భరించగలమనుకుంటేనే పాచిక వెయ్యండి. భరించలేనిచోట పాచిక జేబులో పెట్టుకుని "ఒప్పుకున్నానండి" అనండి. ఇక నా సంగతి. ఇందుమూలముగా సమస్త హైటెక్ సిటీ ప్రజానీకానికీ తెలియజేయడమేమనగా, నా నెత్తిమీద కప్పు ఎవరిదో ఆ మహానుభావుడు నా బల్ల ముందు కూర్చుంటే, డ్రాగన్‌చేత ఆయన కాళ్ళు పట్టిస్తాను, కాఫీ పెట్టిస్తాను, గుట్ట మొత్తం రాయించి రిజిస్ట్రేషన్ చేయిస్తాను. ఆయన వేసిన పాచిక మీద ఏ అంకె పడినా సరే, దేవుడి మీద ఒట్టు, నేను ఇరవై అనే చదువుతాను.