పైసా వడ్డీ కట్టని అమలక్క

పోయే ముందు రోజు సాయంత్రం మా అమలక్క చేసిన చివరి పని, పై వాటాలో ఉండే హనుమాయమ్మ గారి కరెంటు బిల్లు తన క్రెడిట్ కార్డు మీద కట్టడం. ఆవిడ ఇచ్చిన నోట్లు బ్యాగులో పెట్టుకుంది.

"నా బిల్లు నువ్వు కడితే నీకేం ఒరుగుతుందమ్మాయ్?"

"బ్యాంకోడు ఇనామిస్తడు ఆంటీ. ఊకె చూడుండ్రి."

అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో బిల్లులు కొట్టేది. కొత్త కార్డు మీద మొదటి మూడు నెలల్లో బ్యాంకు చెప్పినంత ఖర్చు చేస్తే బోనస్ ఇస్తారు. ఆ జీతంతో అంత ఖర్చు ఎక్కడిది? అందుకే ఎల్బీనగర్‌లో మా గల్లీ ఖర్చంతా తన కార్డు మీదికి తెచ్చుకునేది. స్కూలు ఫీజులు, గ్యాసు, పెళ్లి బట్టలు. వాళ్ల దగ్గర నగదు తీసుకుని గడువుకు ముందే కట్టేసేది. బోనస్ చేతికొచ్చాక, మళ్లీ ఏడాది ఫీజు పడకముందే కార్డు రద్దు చేసేది. రద్దు చేయొద్దని బతిమాలే బ్యాంకు వాళ్ల ఫోన్లకు "ఇగ మీతోని పని అయిపోయింది బిడ్డా" అని జవాబు.

దీన్ని కక్కుర్తి అంటే నేను ఒప్పుకోను. మా అన్న సైదులు ఆటో నడుపుతాడు. ఒకప్పుడు అతని కార్డు బాకీ పడితే, వసూలు మనుషులు అప్పట్లో మేముండే కర్మన్‌ఘాట్ ఇంటి ముందు నిలబడి వాడకట్టంతా వినేలా తిట్టారు. అసలును వడ్డీ మింగేసింది. సొంత ఆటో అమ్మి కట్టాడు. కిరాయి ఆటోకు మారాడు.

"మన దగ్గర గుంజిన వడ్డీ వాళ్ల దగ్గర్నే గుంజుకొస్త" అంది అక్క ఆ రోజు.

కార్డుల పిచ్చిదన్నారు బంధువులు. "పిచ్చిదాన్నే. మీ బిడ్డ పెండ్లి చీరలు నా కార్డు మీదనే కొనుండ్రి" అనేది. కొన్నారు కూడా.

మర్నాడు గుండె ఆగి అక్క పోయింది. దినాలు కాకముందే అక్క కార్డు బిల్లు గడువు వచ్చింది. మైలలో గడప దాటొద్దన్నారు పెద్దవాళ్లు.

"మనిషే పోయినంక బిల్లేందే" అన్నాడు అన్న.

"అక్క పేరు మీద పైసా వడ్డీ పడనియ్య. ఒస్తే రా, లేకుంటే నడిచి పోత."

ఆటో తీశాడు. అక్క బ్యాగులో గల్లీ వాళ్లిచ్చిన నగదు అలాగే ఉంది. అదే కట్టాను. చనిపోయినవాళ్ల బిల్లుకు ఇంత తొందరేంటమ్మా అన్నాడు బ్యాంకు కౌంటర్లో అతను. రసీదు ఇవ్వమన్నాను.

తిరిగొస్తుంటే అన్న వెనక్కి చూడకుండానే చెప్పాడు. అప్పట్లో బాకీ పడ్డ తన కార్డు మీద తీసిన డబ్బు నా నర్సింగ్ కోర్సు ఫీజుకట. అక్కకు మొదటినుంచీ తెలుసట.