భాగ్య రొట్టెల నేను కలిపింది

మా ఇంట్ల ఎవరినడిగినా ఒక్కటే చెప్తరు. భాగ్యకు పత్యం పడలే, మూడు నెలలు గోధుమలు బంద్ పెట్టింది, పాలు బంద్ పెట్టింది, ఏం ఫాయిదా లేకపాయె, అని. మా అత్త బతికినన్ని రోజులు ఇదే చెప్పింది. మా ఆయన ఇప్పటికీ ఇదే చెప్తడు, పెండ్లిళ్లల్ల ఎవరన్న కీళ్ల నొప్పుల ముచ్చట తీస్తే చాలు. నేను పక్కనే కూసొని ఉంట. ఔనను, కాదనను. ప్రతి మాటకు ఎదురు మాట ఉండే దాన్ని, ఆ ఒక్క కాడ నా నోరు లేవదు.

పత్యం పడలే అన్నది అబద్ధం. పడ్డదో లేదో ఎవరికీ తెల్వకుండ చేసిన దాన్ని నేను. పదేండ్లయింది, కడుపుల రాయి పెట్టుకొని తిరుగుతున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే చెప్తున్న. తెలిసినోళ్లయితే చెప్పకపోదును.

మాది పట్నంల, కిషన్‌బాగ్‌ల పాల ఇల్లు. ఇంటెనక కొట్టంల పన్నెండు బర్రెలు. మామ పోయినంక మా ఆయన, మా మరిది కలిసి చూసుకుంటుండిరి. భాగ్య ఆ మరిది భార్య, నాకు యారాలు. తాండూరు దిక్కు పిల్ల. ఇంటర్ చదివి, టైపు హయ్యర్ పాసై, నయాపూల్ కాడ ఒక వకీలు ఆఫీసుల టైపిస్టుగ చేస్తుండె. నేను బీయస్సీ పాసయిన. నేను ఇంట్ల పాలు కొలుస్తుంటి. ఈ రెండు సంగతులు పక్కపక్కన ఎందుకు పెట్టిన్నో మీకు అర్థమయ్యే ఉంటది. నాకు ఆ రోజులల్ల అర్థం కాలే. కాలేదని అనుకున్న.

తొంభైల ఆఖర్ల ఆమె వేళ్ల కణుపులు వాచుడు మొదలైంది. ముందు కుడి చెయ్యి, తర్వాత రెండు చేతులు. డాక్టరమ్మ రక్తం పరీక్షలు చేయించి, ఇది కీళ్లవాతం అన్నది. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి కీళ్లను తింటదట. మందులు రాసింది. మందులు మానొద్దు, వాటితో పాటు మూడు నెలలు గోధుమలు, పాలు పూర్తిగ మానేసి చూడమన్నది. అందరికీ పనిచెయ్యదు, కొందరికి సులువైతది, నీకేమైతదో రోజూ రాసుకో అన్నదట.

పాల ఇంటి కోడలు పాలు ముట్టదు! మీరే చెప్పండి, ఎట్లుంటదో. పెరుగు లేదు, సల్ల లేదు, నెయ్యి లేదు. నల్ల చాయ్. వారం తిరగకముందే గల్లీల తెలిసిపోయింది. ఎనక సందుల ఒక తురక ముసలామె ఉండె, అందరం ఖాలా అంటం, రోజూ లీటరు పాలు తీసుకపోయేది. గిన్నె నా ముందు పెట్టి, కండ్లు చిన్నగ చేసి అడిగింది. "క్యా మా, తుమ్హారీచ్ బహూ దూద్ నక్కో బోల్రీ? కుచ్ మిలారే క్యా?" మేమే ఏదో కలుపుతున్నమట, అందుకే మా కోడలు తాగదట. నా ఒళ్లు మండింది. మా అత్త ఆ రోజు అన్నం తినలే.

కని నాకు అనుమానం అంతకు ముందు నుంచే ఉండె. పొద్దున నాలుగున్నరకు బర్రెలు పిండే టైంకు భాగ్య వేళ్లు ముడుసుకోవు. చెంబు పట్టుకోలేదు. కొంగు సర్దుకోలేదు. పది గంటలకు అవే వేళ్లు టైపు మిషను మీద గుర్రాల లెక్క ఉరుకుతయట. ఇదేం రోగం? పని టైంకు వస్తది, ఆఫీసు టైంకు పోతది? నేను మా ఆయనతోని అంటే, "నీకెందుకే లొల్లి" అన్నడు. నాకెందుకంటే? ఆమె పిండని బర్రెలు ఎవరు పిండాలె? నేనే కద.

ఆమె సంచి వెతికిన. చెప్పడానికి సిగ్గయితుంది, కని చెప్పాలె. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే లోపల సంచిల బిస్కెట్ పొడి ఉందా అని చెయ్యి పెట్టి చూసిన. టిఫిన్ డబ్బ వాసన చూసిన. ఏం దొరకలే. దొరకనందుకు ఇంకా అనుమానం పెరిగింది.

ఒక రూల్ నోటుబుక్కు పెట్టింది. పొద్దున లేసినంక పిడికిలి పూర్తిగ మూసుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ రాసుకుంటుండె. ఆమె స్నానానికి పోయినప్పుడు నేను చదువుతుంటి. మొదటి వారం డెబ్బై, డెబ్బై అయిదు. అయిదో వారానికి ముప్పై. నేనేం అనుకున్ననో తెలుసా? రాసేది ఆమె చెయ్యే కద, ఎంతంటే అంత రాసుకుంటది అనుకున్న. పత్యం పనిచేస్తున్నదని రాస్తే పత్యం సాగుతది, పత్యం సాగితే పొద్దుటి పని తప్పుతది. గిట్ల లెక్క కట్టిన.

ఇగ రొట్టెల సంగతి. ఆమె డబ్బలకు రోజూ జొన్న రొట్టెలు చేయాలె. ఆమె చేతులతోని రొట్టె కొట్టుడు కాదు, కాబట్టి నా మీద పడ్డది. నేను పట్నంల పుట్టిన దాన్ని. జొన్న రొట్టె నా చేతిల ఎప్పుడూ సక్కగ రాలే. అంచులు పగుల్తయ్, పెనం మీద వేసే లోపల సగానికి విరుగుతది. పిడికెడు గోధుమ పిండి వేస్తే సాగుతది, విరగదు. మా ఇంట్ల అందరికీ అట్లనే చేస్త, మస్తు మంది చేస్తరు. ఒక్క భాగ్యకు మాత్రం వెయ్యొద్దు.

ఆరో వారం వేసిన.

అలవాటుల చెయ్యి జారి పడ్డదని చెప్పుకోవచ్చు. చానా ఏండ్లు నాకు నేను అట్లనే చెప్పుకున్న. కాదు. గిన్నెల జొన్న పిండి ఉంది, పక్కన గోధుమ పిండి డబ్బ ఉంది, నేను మూత తీసిన, ఒక్క క్షణం ఆగిన, వేసిన. బీయస్సీ చదివిన బుర్ర కద, దానికి పేరు గూడ పెట్టింది: పరీక్ష. ఆమెకు తెల్వకుండ గోధుమ పెడ్త, అయినా నోటుబుక్కుల నొప్పి తగ్గిందనే రాస్తే దొంగ దొరికినట్టే. పాలు కలపలే. వాసన పడ్తదని.

ఎనిమిది రోజులకు ముప్పై కాస్త నలభై అయింది. పన్నెండో రోజు యాభై అయిదు. తర్వాత డెబ్బై. కొన్ని రోజులు ఎనభై అయిదు.

దొంగ దొరకలే. ఆమె రాసింది నిజమే అని నా పరీక్షే చెప్పింది. మరి అప్పుడు ఆపాలె కద? ఆపలే. చలికాలం వచ్చింది, చలికి పెరిగి ఉంటదేమో అనుకున్న. ఇంకో వారం చూద్దాం అనుకున్న. ఇంకో వారం. అసలు సంగతి అది గూడ కాదు. ఆపితే రొట్టెలు మల్ల విరుగుతయ్. ఇన్ని రోజులు మెత్తగ వచ్చి ఇప్పుడెందుకు విరుగుతున్నయ్ అని అడిగితే ఏం చెప్పాలె? ఆ భయానికి మూడు నెలలు అయిపోయే దాక వేస్తనే ఉన్న. మనిషి వేళ్లు వాస్తుంటే చూసుకుంట, రొట్టె అంచు పగుల్తదని భయపడ్డ దాన్ని నేను.

డాక్టరమ్మ కాడికి తోడు పోయింది నేనే. మరిదికి తీరలే. డాక్టరమ్మ నోటుబుక్కు ముందుకు, ఎనకకు తిప్పి తిప్పి చూసింది.

"మొదటి అయిదు వారాలు బాగానే తగ్గిందే. తర్వాత ఏమైంది? బయటేమైనా తిన్నావా?"

"లేదు మేడం."

"బిస్కెట్లు? బేకరీ?"

"చాయ్ గూడ నల్లదే తాగుతున్న మేడం."

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనే," అన్న.

"రొట్టెల్లో గోధుమ పిండేమీ కలవట్లేదు కదండీ? విరక్కుండా ఉంటాయని కొంతమంది కలుపుతారు."

ఎంత సూటిగ అడిగింది చూడండి. నాకోసమే అడిగినట్టు. ఔనంటే ఆ క్షణంల అయిపోయేది. తిట్టేటోళ్లు తిడ్తుండిరి, పత్యం ఇంకో మూడు నెలలు సాగేది.

"లేదు," అన్న. "అంత తెల్వని దాన్ని కాదు మేడం. బీయస్సీ చదివిన."

భాగ్య నా దిక్కు తిరిగి చూసింది. ఎక్కువసేపు చూడలే. మల్ల డాక్టరమ్మ దిక్కు తిరిగి, "మా అక్క మస్తు జాగ్రత్తగ చేస్తది మేడం," అన్నది.

"అయితే నీకు తిండితో సంబంధం లేనట్టే ఉంది. అన్నీ తినెయ్," అని నోటుబుక్కు మూసింది డాక్టరమ్మ. మందులు పెంచి రాసింది.

ఆ సాయంత్రం మా అత్త పాలకొచ్చినోళ్లందరి ముంగట భాగ్య చేతిల గిలాసెడు పాలు పెట్టింది. ఆమె నిలబడి తాగింది. ఖాలా నవ్వింది. ఇంట్ల అందరం ఖుష్. ఆ రోజు నుంచి నేను ఆమెను మునుపటి లెక్క కామచోర్, పనిదొంగ అని ఒక్కసారి గూడ అనలే. ఎందుకనలేదో ఎవరూ అడగలే.

పెద్ద మందులకు ఆమె మొఖం ఉబ్బింది. నాలుగేండ్లకు వేళ్లు చిటికెన వేలు దిక్కు ఒరిగినయ్. ఆఫీసుల కంప్యూటర్లు వచ్చినయ్, అందుకే మానేసిందని మరిది చెప్తుండె. అది గూడ నిజం కాదు. ఆమె కంప్యూటరు నేర్చుకోను పోయింది, వేళ్లు పడక వాపసొచ్చింది. అన్నదమ్ములు వేరైనంక వాళ్లు దబీర్‌పురా పోయిండ్రు. పండుగలకు కలుస్తం. చాయ్ కప్పును రెండు అరచేతుల నడుమ పెట్టి ఎత్తుతది.

మొన్న ఏదో పేపరుల ఆరోగ్యం పేజీల చదివిన. పొద్దున లేవంగనే గంటల తరబడి కీళ్లు బిగుసుకపోయి, పొద్దెక్కినంక సులువైతదట. అది ఆ రోగం లక్షణమట. ఏది చూసి నేను దొంగ అనుకున్ననో అదే ఆమె జబ్బుకు గుర్తు. బీయస్సీ!

నేను ముట్టకపోతే ఆమె వేళ్లు సక్కగ ఉంటుండె అని నేననలేను. అందరికీ పనిచెయ్యదని డాక్టరమ్మే చెప్పింది. ఉంటుండెనో, ఉండకపోతుండెనో. ఆ సంగతి తెలిసే దారే నేను మూసేసిన. మాఫీ అడగడానికి రాస్తలేను, మీరిచ్చినా అది మీది కాదు ఇయ్యడానికి. రాసినంక మాత్రం ఊపిరి కొంచెం సక్కగ ఆడ్తున్నది. అంతే.

కని ఇంకొకటుంది, ఎవరూ తీర్చలేని అనుమానం. ఆమె తాండూరు దిక్కు పిల్ల. జొన్న రొట్టె తిని పెరిగింది. ఒట్టి జొన్న రొట్టె మధ్యాహ్నానికి అట్ట లెక్క గట్టిపడ్తది. నా రొట్టెలు ఆమె రోజూ ఆఫీసుల చల్లారినంకనే తిన్నది, ఒక్కనాడు వాపసు తేలే. గోధుమ కలిసిన రొట్టె ఆమె వేళ్లకు తెల్వకుండ ఉంటదా, ఎంత వాచినా? డబ్బ మూత తియ్యంగనే తెలిసి ఉండాలె. తెలిస్తే ఎందుకు అడగలే? అన్నదమ్ముల నడుమ లొల్లి అయితదనా? పాల ఇంట్ల పాలు ముట్టని కోడలుగ ఉండి ఉండి యాష్టకొచ్చిందా? లేక నిజంగనే నన్ను నమ్మిందా? ఆ మూడోది తలుసుకుంటే మిగిలిన రెండింటికన్న ఎక్కువ భయమైతుంది.

దబీర్‌పురా ఎంత దూరమని? పోయి అడగొచ్చు. ఇప్పటి దాక పోలే. డాక్టరమ్మ ముంగట నా దిక్కు తిరిగినప్పుడు, భాగ్యా, నీకు తెలుసా?