కరీం జట్టు మారిన ఎండాకాలం

మొన్న అఫ్జల్‌గంజ్‌లో ఒక చెప్పుల దుకాణం ముందు నిలబడి ఉంటే, లోపల ఎవరో కొత్త తోలుకు నూనె పట్టిస్తున్నారు. ఆ వాసన తగలగానే వచ్చిన పని మరిచి కాసేపు అలాగే నిలబడిపోయాను. మా కాలంలో ఫుట్‌బాల్ అంటే తోలు బంతి. వానలో తడిస్తే బరువెక్కేది, ఆరితే గట్టిపడి పగుళ్ళు వచ్చేవి. అందుకే ఆట అయ్యాక దానికి నూనె రాసి నీడన పెట్టాలి. మా లాల్‌దర్వాజా జట్టులో ఆ పని ఆటగాళ్ళు చేసేవారు కాదు. మా పక్కింట్లో బర్రెలు పెట్టుకొని పాలు అమ్మే యాదమ్మత్త చేసేది.

అత్త అంటే చుట్టరికం కాదు. అవి యుద్ధం రోజులు. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో నాకు కొలువు దొరికింది. లాల్‌దర్వాజాలో గది కిరాయికి తీసుకొని సామాను దించుకుంటుంటే, ఆమె గోడ మీది నుంచి చూసి, "ఏ ఊరు బిడ్డా? పేరేంది? పొద్దున ఏమన్న తిన్నవా?" అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. సత్తయ్య అని చెప్పాను. ఆ నిమిషం నుంచి నేను ఆమెకు సత్తిగాణ్ణి, ఆమె నాకు అత్త. పొడుగు మనిషి, గట్టి గొంతు. గల్లీ ఈ చివర పిలిస్తే ఆ చివర బర్రె తల తిప్పేది.

ఆమెకు ఆట పిచ్చి పట్టిన వైనం కూడా ఆమె నోటనే విన్నాను. బర్రెల కొట్టానికి వెనక ఖాళీ జాగాలో మా జట్టు రోజూ ఆడేది. బంతి వచ్చి బర్రెలకు తగిలితే అవి బెదిరి పాలు ఎగబెట్టేవి. ఒకనాడు ఆమె బంతి తీసి గడ్డిలో దాచి, కొట్టినవాడెవడో తేలితే గాని ఇవ్వనని కూర్చుంది. మరునాటి నుంచి, కొట్టినవాణ్ణి పట్టుకోవడానికని గోడ దగ్గర నిలబడి చూడసాగింది. "దొంగను వడుదామని జూస్తి. జూడంగ జూడంగ ఆట ఎట్లుంటదో సమజైంది. ఇగ కండ్లు మల్లలే," అని నవ్వేది.

ఆ దొంగ కరీం. మా గల్లీ మలుపులో అద్దకం పని చేసే ఇంటి కుర్రవాడు, మా జట్టుకు ముందుండి గోలు మీద గోలు కొట్టేవాడు. బంతి వాని కాలికి అంటుకున్నట్టే ఉండేది. పొద్దున సాధన అయ్యాక వాడు నేరుగా కొట్టంలోకి వచ్చి, "ఖాలా, భూక్ లగీ," అని సొంత పిన్నిని అడిగినట్టే ఆకలి చెప్పుకునేవాడు. అత్త గ్లాసు నిండా పాలు పోసి, నిన్న ఎక్కడ తప్పు కొట్టాడో చెప్పి తిట్టేది. వాడు తాగుతూ తల ఊపేవాడు. దుకాణానికి బయలుదేరబోయే నేను ఆ తిట్లు వినడానికే కాసేపు ఆగేవాణ్ణి. ఆ ఊళ్ళో నాకు ఇల్లు అనిపించిన మొదటి చోటు ఆ కొట్టమే.

ఎండాకాలంలో ఆటలు ఉండేవి కావు. ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళు ఆ కాలే నేల మీద ఏం ఆడతారు? తొలకరి పడి నేల మెత్తబడేదాకా అందరం ఎదురుచూసేవాళ్ళం. పోయిన ఏడు చివరి ఆట దాకా వెళ్ళి ఓడాం గనక, ఈసారి మాదేనని గల్లీ అంతా నమ్మకంగా ఉంది. అటువంటి ఎండాకాలంలో ఒక సాయంత్రం కబురు తెలిసింది. మూసీ అవతలి పెద్ద జట్టొకటి కరీంకు కొలువు ఇచ్చి తమలో చేర్చుకుంది. కరీంతోపాటు వెనక ఆడే ఇద్దరు కూడా పోయారు. వాళ్ళ చోట్లో ఎవరెవరినో పేరు తెలియనివాళ్ళను తెచ్చుకుంటున్నాడట మా సెక్రటరీ.

గల్లీలో లొల్లి లొల్లి అయింది. చాయ్ హోటల్లో ఒకడు కప్పు పగలగొట్టాడు. నేనైతే ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సొంత ఇంటి గోడ ఎవరో పీక్కొని పోయినట్టు అనిపించింది. అత్త పాలు పితుకుతూనే ఉంది గాని, చేతులు ఎప్పటికన్నా గట్టిగా పడుతున్నాయేమో, బర్రె కాలు దులిపింది.

తెల్లారి ఆమె చేసిన పని గల్లీకంతా తెలిసింది. సెక్రటరీ ఇంటికి పాలు బంద్ పెట్టింది. ఆయన పేరు రాఘవరావు, వకీలు, నెమ్మదైన మనిషి. ఒకటి రెండు రోజులు చూసి, తానే చెంబు పట్టుకొని కొట్టానికి వచ్చాడు.

"ఏందమ్మా యాదమ్మా, జట్టు మీద కోపం పాల మీద చూపిస్తే ఎట్ల?"

"మరి జట్టు సంగతి నాకు జెప్పినవా వకీల్ సాబ్? పాలు వోసి పెంచింది నేను. మూసీ అవుతలికి తోలింది నువ్వు."

"నేను తోలలేదు. కరీం వాళ్ళ నాయినకు కండ్లు కనబడుతలేవు, అద్దకం పని మూలకు పడ్డది. అక్కడ నెలనెలా జీతమొస్తది. పోవద్దని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? నువ్వు చెప్తవా?"

అత్త చెంబు అందుకొని నిండా పోసి, "వానికి పోవద్దని చెప్పకపోయినా, నాతోని ఒక మాట అనాలె గద సాబ్," అంది. ఆయన తప్పేనని ఒప్పుకున్నాడు. నాకు మాత్రం కోపం చల్లారలేదు. ఆ మాటే అంటే, "చల్లారాలని ఎవరన్నరు? నాకూ ఉన్నది," అని మేత వేయడానికి లేచింది.

ఆ తరువాత ఒక పొద్దున కరీం వచ్చాడు. ఎప్పటిలా లోపలికి రాలేదు. కొట్టం గుమ్మం దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. నేను వాణ్ణి చూసి మొహం తిప్పుకున్నాను.

"ఖాలా, గుస్సా ఉన్నదా నా మీద?" అన్నాడు.

"ఉన్నది. మస్తున్నది."

"అయితే పోతా మరి."

"అరే, గుస్సా ఉంటే ఇంట్లకు రావొద్దని ఎవడు జెప్పిండ్రా నీకు? రా, కూసో. పాలు తాగుకుంట తిట్లు వడు."

వాడు వచ్చి కూర్చున్నాడు. ఆమె తిట్టింది. వాడు తాగాడు. తాగుతుండగా కళ్ళు తుడుచుకున్నాడు, ఆమె చూడనట్టే గడ్డి సర్దింది. చివరికి నా వైపు తిరిగి, "సత్తీ, నువ్వు గూడ మాట్లాడు. వాడు జట్టు మారిండు గని గల్లీ మారలే," అంది. నేను మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, మాట్లాడాక గుండె తేలికపడడం గుర్తుంది.

వానలు పడ్డాయి. కరీం చోట్లో వచ్చినవాడు సన్నగా, కర్రలా ఉన్నాడు. పొరుగు బస్తీ నుంచి నడిచి వచ్చేవాడు. వాడు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా గోడ పొడుగునా కూర్చున్నవాళ్ళు, "కరీం! కరీం!" అని అరిచేవాళ్ళు. వాడు ఎటు తన్నాలో తెలియక, బంతి దగ్గరికి వస్తేనే బెదిరేవాడు. ఒకనాడు సాధన మధ్యలోనే ఆపి అంగీ భుజాన వేసుకొని వెళ్ళిపోబోయాడు. అత్త గోడ దాటి ఎదురు వెళ్ళింది.

"నీ పేరేంది బిడ్డా?"

"ఎల్లయ్య."

"ఎవలింటోనివి? అమ్మ ఏం జేస్తది?"

"బియ్యం చెరుగుతది, మిల్లుల."

"ఎల్లయ్యా, మంచిగ ఉరుకుతవు నువ్వు. తల ఎత్తి జూడవు, గదొక్కటే తక్కువ. పో, ఆడు."

వాడు తిరిగి వెళ్ళాడు. ఆమె గోడ దగ్గరికి వచ్చి మమ్మల్ని పట్టుకుంది. "ఇన్ని దినాలాయె, ఒక్కడన్న వాని పేరడిగిండ్రా? వేరేటోని పేరు వట్టి వొర్లుతే వాడెట్ల ఆడుతడు?" అని, నోటికి చేతులడ్డం పెట్టుకొని, "ఎల్లయ్యా, తల ఎత్తు!" అని కేక వేసింది. ఆ పూట ఆ పేరు పలికిన గొంతు ఆమెదొక్కటే. రోజులు గడిచేకొద్దీ నాదీ కలిసింది.

ఆ ఏడు కరీం జట్టుతో మా జట్టు తలపడింది. ఆట మూసీ అవతలి మైదానంలో. అత్త బర్రెలను చెల్లెలికి అప్పగించి, జనంలో ఆడమనిషి తానొక్కతే అయినా లెక్కచేయక, నా పక్కన నిలబడింది. కరీం మా మీదనే గోలు కొట్టాడు. మావాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఎంత మంచిగ కొట్టిండే ముండకొడుకు," అంది. కోపమూ మురిపెమూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఆట ముగియబోతుండగా ఎల్లయ్యకు బంతి దొరికింది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. తల ఎత్తి చూశాడు. కొట్టాడు. బంతి గోలు గుంజకు తగిలి బయటికి పోయింది. మేము ఓడిపోయాం. కానీ బంతి గాలిలో ఉన్న ఆ క్షణాన లాల్‌దర్వాజా నుంచి వచ్చిన జనమంతా ఒక్క గొంతుతో, "ఎల్లయ్యా!" అని అరిచింది. వాడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. గోలు కొట్టినవాని మొహంలో కూడా అంత వెలుగు నేను చూడలేదు.

తిరుగు దారిలో అఫ్జల్‌గంజ్ వంతెన మీద అత్త మధ్యలో, ఒక పక్క కరీం, ఒక పక్క ఎల్లయ్య. ఇద్దరికీ సమంగా తిట్లు పంచుతోంది. కింద మూసీ నిండుగా పారుతోంది. నేను వెనక నడుస్తూ, ఓడిపోయి ఇంత హాయిగా ఉండడమేమిటా అనుకున్నాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. పత్తర్‌గట్టిలోని ఆ బట్టల దుకాణంలోనే నేను పెద్ద గుమాస్తానయ్యాను. ఎన్నో ఏళ్ళుగా అందరికీ అలవాటైన ఒక మనిషి మానేసి వేరే దుకాణానికి పోయినప్పుడు, నాకు నిజంగానే కోపం వచ్చింది. అతని కూతురి పెళ్ళికి ఆ కోపంతోనే వెళ్ళి, తిట్టి, కడుపు నిండా తిని వచ్చాను. అతని చోట్లో చేరిన అబ్బాయి గుడ్డ కొలుస్తూ లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి కొలిచేవాడు. వచ్చినవాళ్ళంతా పాతాయన ఏడీ అని అడిగేవారు. నేను గద్దె దిగి వెళ్ళి అబ్బాయి పక్కన నిలబడ్డాను. అతని భుజం మీద చెయ్యి వేసి, దుకాణమంతా వినబడేలా, "ఈయన పేరు బషీర్. ఏం కావాలన్నా బషీర్‌నడగండి," అన్నాను.